వెలిసిపోయిన ఎర్ర మారుతికి ఇంట్లోనే పాలిష్: వేసవులు దాటాక ఏం మిగిలింది?

మాది విజయవాడ. కారు ఎర్ర మారుతి 800, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. షెడ్డు లేదు, ఇంటి ముందు రోడ్డు మీదే ఉంటుంది. పక్కలు పర్వాలేదుగానీ టాప్, బానెట్, డిక్కీ మూత గులాబీ రంగుకు తిరిగి, చెయ్యి రాస్తే పొడి అంటేదాకా వచ్చాయి. డీఏ (డ్యూయల్ యాక్షన్) పాలిషర్ మెషీన్, పాడైన పై పొరను సన్నగా గీకే కంపౌండ్, వ్యాక్స్ తెప్పించుకుని నేనే చేసుకున్నాను. చేసిన వారంలోపు రాసిన రివ్యూలు, తళతళలాడే ఫొటోలు కావాల్సినన్ని దొరుకుతాయి. ఆ తర్వాత కారు ఎలా ఉందో రాసినవాళ్లు తక్కువ. నాది ఆ తర్వాతి కథ.

కంపౌండ్ పనిచేసింది, నేను అనుకున్నదానికన్నా బాగానే. కాకపోతే ఆ పని ఒకసారికే. ఆ మెరుపును ఏళ్ల తరబడి నిలబెట్టింది వ్యాక్సూ, నీడా, కడిగే పద్ధతీ. కొనేముందు ఇది తెలిసి ఉంటే మంచిది, ఎందుకంటే మెషీన్ మీద ఉన్న సరదా వ్యాక్స్ మీద ఉండదు.

మొదట తేల్చుకోవాల్సింది కారు రంగు మీద క్లియర్ కోట్ ఉందా లేదా అని. తెల్ల బనీను గుడ్డకు కాస్త కంపౌండ్ రాసి ఒక మూల రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే పైన ఉన్నది అసలు రంగే. అంటకపోతే దాని మీద పారదర్శకమైన పొర ఉన్నట్టు. మా గుడ్డ కిళ్లీ నమిలిన నోరులా ఎర్రబడింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగును పట్టి ఉంచే రెజిన్‌ను విరిచేస్తాయి. పట్టు వదిలిన రంగు పొడిగా పైకి తేలుతుంది, దాని మీద వెలుతురు చెదిరి తెల్లగా మసకగా కనపడుతుంది. కింద ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. పైనున్న ఆ చచ్చిన పొరను తీసేస్తే చాలు. ఇలాంటి పాత రంగుల మీద ఫలితం అంత కొట్టొచ్చినట్టు కనపడేది అందుకే.

క్లియర్ కోట్ ఉన్న కార్లకు లెక్క వేరు. ఆ పొర మామూలుగా 40-50 మైక్రాన్లు, తల వెంట్రుకంత మందం కూడా ఉండదు. మసకబారితే పాలిష్‌కు లొంగుతుంది. పొలుసులుగా లేచిపోతే మాత్రం ఏ సీసా వాడినా దండగే. మా ముందు బంపర్‌కు పాత ఓనరు ఎప్పుడో మళ్లీ రంగు వేయించినట్టున్నాడు, దాని మీద పొర లేచిపోయి ఉంది. దాని జోలికి పోకుండా టింకరింగ్ షాపులో రంగు కొట్టించాను.

ఇక పని. షాంపూతో కడిగాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద వేళ్లు జార్చి చూడండి. ఉత్త చేతికి తెలియని గరుకు కవరు మీదుగా రవ్వరవ్వగా తగులుతుంది. ఆ గరుకు పోయేదాకా షాంపూ నీళ్ల తడి మీద క్లే బార్ (అతుక్కున్న మట్టిని లాగేసే మెత్తటి ముద్ద) నడపాలి. లేదంటే అతుక్కున్న ఆ మట్టినే మెషీన్‌కు అంటించే ఫోమ్ ప్యాడ్‌తో రంగు మీద తిప్పినట్టవుతుంది. నల్ల రబ్బరు బీడింగులకూ ప్లాస్టిక్కులకూ మాస్కింగ్ టేప్ వేయండి. కంపౌండ్ అంటి ఆరితే వచ్చే తెల్ల మరక టూత్‌బ్రష్‌తో తోమినా ఒక పట్టాన వదలదు. బానెట్ అంచులకు, రేకు మడత పైకి తేలిన గీతలకు కూడా టేప్ వేయాలి, రంగు అన్నిటికన్నా పల్చగా ఉండేది అక్కడే. మా బానెట్‌కు ఎడమ అంచున రంగు కింద వేసే బూడిదరంగు ప్రైమర్ అప్పటికే తొంగిచూస్తోంది. ఎక్కడో ఉన్ని ప్యాడ్‌తో గట్టిగా రుద్దించిన గుర్తు.

రోటరీ మెషీన్ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది కాబట్టి వేడి ఒక్కచోట పోగవుతుంది. చెయ్యి తిరిగిన షాపువాళ్లకు అది సరే. డీఏలో ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, పని నెమ్మది, చెయ్యి కాస్త తడబడినా రంగు తినదు. గట్టిగా నొక్కితే మాత్రం తిరగడం ఆపేసి ఊరికే వణుకుతుంది. చప్పుడులో తేడా తెలియదు. అందుకే ప్యాడ్ అంటించే ప్లేటు అంచున మార్కర్‌తో ఒక నల్లగీత గీసుకున్నాను. గీత తిరుగుతూ కనిపిస్తే పని జరుగుతున్నట్టు, నిలిచిపోతే చెయ్యి బరువు తగ్గించాలన్నట్టు. నాకు డబ్బుపెట్టి కొన్న సామాన్లన్నిటికన్నా ఆ గీతే ఎక్కువ ఉపయోగపడింది.

రెండడుగుల చదరం మించకుండా, ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగైదు వేసి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. నేను వాడింది మెగ్వయర్స్ అల్టిమేట్ కంపౌండ్, బాగా పాడైన టాప్‌కు మాత్రం ముందు ముతక రబ్బింగ్ కంపౌండ్. మా ఊళ్లో పొద్దున ఎనిమిది దాటితే రేకు వేడెక్కి కంపౌండ్ ఎక్కడికక్కడ ఎండిపోతుంది. తెల్లవారుజామున మొదలుపెట్టడం, ఎండ తగలగానే మెషీన్ పక్కన పెట్టడం, అంతే. ఒక్కరోజులో అయ్యే పని కాదు.

అయ్యాక పాత ఎరుపు బయటపడింది. ట్యూబ్‌లైటు ఆకారం బానెట్‌లో వంకర లేకుండా కనిపించింది. గోరు పెడితే తగిలే గీతలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి, వాటిని పాలిష్ తియ్యలేదు.

ఇక తర్వాతి సంగతి. ఈ రకం రంగుకు పైన కాపలా పొర లేదు, మనమే వెయ్యాలి. కార్నూబా (ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే) వ్యాక్స్ వేస్తే ఎరుపు నిండుగా, తడిగా కనిపిస్తుంది, దాని అందం దానిదే. కానీ ఏప్రిల్, మే ఎండల్లో టాప్ మీద రెండు నెలలు నిలవడం కష్టమైంది. నీళ్లు చుక్కలుగా నిలవకుండా పలకలా పరుచుకుంటే వ్యాక్స్ అయిపోయినట్టే. ఇప్పుడు సంక్రాంతి కాగానే వ్యాక్స్‌కు బదులు సింథటిక్ సీలెంట్ పూత, దసరాకు ముందు కార్నూబా. దసరాకు ఎందుకంటే, రంగు పొడిబారి ఉన్న రోజుల్లో వాహన పూజ బొట్లు బానెట్‌లోకి ఇంకిపోయి సంక్రాంతి దాకా ఉండేవి. ఇప్పుడు తడిగుడ్డతో తుడిస్తే పసుపూ కుంకుమా శుభ్రంగా వచ్చేస్తున్నాయి. డీజిల్ గుడ్డతో తుడవమని సలహా ఇచ్చేవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. తుడిచిన గంటసేపు మెరుస్తుంది, సాయంత్రానికి ఊళ్లో దుమ్మంతా దాని మీదే.

అన్నిటికన్నా ముందు మళ్లీ మసకబారేది టాపే. అప్పుడు కంపౌండ్ జోలికి పోవట్లేదు. సన్నటి ఫినిషింగ్ పాలిష్‌ను చేత్తో పట్టిస్తే సరిపోతోంది. అయినా గుడ్డకు ప్రతిసారీ ఎరుపు అంటుతూనే ఉంది, అంటే తరిగేది ఉన్న రంగే. ఈ లెక్కన టాప్‌కు ఎప్పుడో ఒకప్పుడు రంగు వేయించక తప్పదు. పాలిష్ దాన్ని వాయిదా వేసింది.

బోరు నీళ్లతో కడిగి ఎండలో ఆరనిస్తే ఉప్పు మరకలు పడతాయి, మునిసిపల్ నీళ్లతో కడిగి వెంటనే మైక్రోఫైబర్‌తో తుడుస్తున్నాను. నేరేడు పళ్ల కాలంలో ఊదారంగు రెట్టలను ఆ పూటకు ఆ పూట తియ్యాల్సిందే. రోడ్డు మీద నిలిపే కారుకు కవరు కప్పడం మానేశాను. గాలికి కవరు ఊగి, కింద చేరిన దుమ్ముతో సన్నగీతలు పడుతున్నాయి. గోడ నుంచి కట్టిన షేడ్ నెట్ నయం.

సామాను విషయానికొస్తే, మెషీన్ ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. పోయినవి ప్యాడ్లే. వేడికి వెల్‌క్రో దగ్గర ఫోమ్ ఊడిపోతుంది. పైగా ఇలాంటి రంగుకు ప్యాడ్ ఎర్రగా నిండిపోయి పై పొరను గీకడం మానేస్తుంది, ప్రతి చదరానికీ బ్రష్‌తో దులపాలి. ఒక్క ప్యాడ్‌తో మొదలుపెడితే టాప్ సగంలోనే ఆగిపోతారు. కంపౌండ్ చిన్న సీసా చాలు, ఆ మిగిలిన డబ్బుతో ప్యాడ్లు నాలుగైదు ఎక్కువ తెచ్చుకోండి.