పైనుంచి ఆయిల్ లాగే పంపు: చాలాకాలం వాడాక

డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) గొట్టంలోకి సన్నటి పైపు దింపి పాత ఇంజిన్ ఆయిల్‌ను పైకి లాగే వాక్యూమ్ పంపు గురించి ఈ సమీక్ష. చేత్తో కొట్టే రకం, 6.5 లీటర్ల ట్యాంకు, లావు తేడాతో మూడు పైపులు. పెట్రోలు ఇంజిన్ల మీదా డీజిల్ ఇంజిన్ల మీదా ఏళ్ల తరబడి వాడాక తేలింది ఇదీ: మీ ఇంజిన్‌కి ఆయిల్ ఫిల్టర్ పైన ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చు, కింద ఉంటే డబ్బు మిగుల్చుకోవడం మంచిది.

కారణం చిన్నదే. ఫిల్టర్ పైన ఉంటే జాకీ అక్కర్లేదు, కారు కిందికి దూరక్కర్లేదు, అడుగున ఆయిల్ వదిలే డ్రైన్ బోల్ట్ ముట్టుకోనక్కర్లేదు. ఫిల్టర్ కింద ఉంటే దానికోసం ఎలాగూ దూరాలి. దూరాక బోల్ట్ విప్పడానికి పట్టేది ఇంకో రెండు నిమిషాలు, అంతమాత్రానికి పంపు ఎందుకు?

కొనేముందు ఒకటి చూసుకోండి. కొన్ని కార్లకు డిప్‌స్టిక్కే ఉండదు, లెవెల్‌ను సెన్సర్ చూపిస్తుంది. కొన్నిటికి ఉన్నా, లోపల అడ్డుపలక ఉండి పైపు ఛాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగుదాకా దిగదు. ఆరేడు మిల్లీమీటర్ల శుభ్రమైన ప్లాస్టిక్ పైపు దింపి చూస్తే తెలిసిపోతుంది. అడుగు తగిలిన టక్కుమన్న స్పర్శ చేతికి రావాలి.

పని మొత్తం వేడి మీదే ఆధారపడి ఉంది. చల్లటి ఆయిల్ లాగితే 4 లీటర్లకు అరగంట దాటినా ఆశ్చర్యం లేదు. మరీ వేడిగా ఉంటే పైపు మెత్తబడి, వాక్యూమ్‌కి లోపలికి అణిగిపోతుంది. ఇంజిన్‌ను ఐదారు నిమిషాలు నడిపి, ఆపి, పది నిమిషాలు ఆగితే సరిగ్గా సరిపోతుంది. అప్పుడు అదే 4 లీటర్లు పది పదిహేను నిమిషాల్లో వచ్చేస్తాయి.

ఆగిన ఆ పది నిమిషాల్లో ఫిల్టర్ మూత వదులు చేసి, లోపలున్న కార్ట్రిడ్జ్‌ను (వడపోసే ముక్కను) కాస్త పైకి లేపి ఉంచండి. చాలా ఇంజిన్లలో ఫిల్టర్ గూట్లో నిలిచిన ఆయిల్ అప్పుడే ఛాంబర్‌లోకి దిగుతుంది. ఈ పని పంపు కొట్టాక చేస్తే ఆ పాత ఆయిల్ అంతా ఛాంబర్‌లోనే ఉండిపోతుంది. ఆయిల్ పోసే మూత కూడా తీసి పెట్టండి, గాలి ఆడాలి.

పైపు ఎంత దింపాలో కొలవడానికి డిప్‌స్టిక్‌ను పైపు పక్కనే ఆనించి పట్టి పైపు మీద టేపు గుర్తు వేసుకోవాలి. సాధారణంగా డిప్‌స్టిక్ కొనకన్నా మూడు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ దిగుతుంది. అడుగు తగిలాక కూడా తోస్తే పైపు లోపల వంకర తిరిగి, కొన ఆయిల్ పైకి లేస్తుంది. రెండు లీటర్లు కూడా రాకముందే గుడగుడమని గాలి లాగుతోందంటే జరిగింది అదే. ఒకట్రెండు సెంటీమీటర్లు పైకి లాగి, కాస్త తిప్పి మళ్లీ దింపండి. ఆయిల్ అయిపోయిందనిపించినప్పుడూ ఇలాగే రెండు మూడుసార్లు చేస్తే ఇంకొంత వస్తుంది.

ఎంత వచ్చిందో చూడటానికి ట్యాంకు మీది గీతలను నమ్మకండి. ఒకసారి కొలిచిన నీళ్లు పోసి అసలు గీత ఎక్కడో మీరే గుర్తు పెట్టుకుని, ట్యాంకును బాగా ఆరబెట్టండి. ఇంజిన్ కొంత ఆయిల్ తాగి ఉండొచ్చు కాబట్టి, పని మొదలుపెట్టే ముందు లెవెల్ చూస్తేనే లెక్క అర్థమవుతుంది.

అందరూ అడిగేది అడుగున మిగిలే ఆయిల్ గురించి. పంపు కొట్టాక డ్రైన్ బోల్ట్ విప్పితే ఛాంబర్ ఆకారాన్ని బట్టి దాదాపు ఏమీ రాకపోవచ్చు, 300 మిల్లీలీటర్ల దాకా రావచ్చు. 4 లీటర్లలో 200 అంటే 5 శాతం. దానికి బెంగ పడక్కర్లేదు. అసలు చూడాల్సింది అడుగున పేరుకునే మడ్డినీ, బోల్ట్‌కి అయస్కాంతం ఉంటే దానికి అంటిన లోహపు రజనునూ. పంపు ఆ రెండిటినీ చూపించదు. అందుకని ప్రతి మూడో మార్పుకి బోల్ట్ విప్పడమే మేలు. విప్పినప్పుడు కొత్త వాషర్ వేయాలి, మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి. చాలా కార్లకు అది 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. అల్యూమినియం ఛాంబర్‌లో బలమంతా పెట్టి బిగిస్తే థ్రెడ్ పోతుంది. ఆ ప్రమాదం ప్రతిసారీ ఎదురవకపోవడం ఈ పంపుతో ఉన్న పెద్ద లాభం.

ఫిల్టర్ మూతకున్న రబ్బరు రింగులు మార్చి, కొత్తవాటికి కాస్త ఆయిల్ రాయండి. టార్క్ చాలాసార్లు మూత మీదే రాసి ఉంటుంది.

కొత్త ఆయిల్‌ను మాన్యువల్ చెప్పినదానికన్నా 400 మిల్లీలీటర్లు తక్కువ పోసి, ఇంజిన్‌ను ఒక నిమిషం నడిపి ఆపండి. ఐదు పది నిమిషాలు ఆగి, చదునైన నేల మీద లెవెల్ చూసి మిగతాది కొంచెం కొంచెంగా పోయాలి. ఎక్కువైతే క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగతో బేరింగులకు సరైన ప్రెషర్ అందదు. పొరపాటున ఎక్కువ పోసినా ఈ పంపుతో పావు లీటరు వెనక్కి లాగడం రెండు నిమిషాల పని. ఈ ఒక్కదానికే పంపు ఇంట్లో ఉండాలనిపిస్తుంది.

ఎన్నాళ్లకోసారి మార్చాలి? మాన్యువల్ మాటే మొదటిది. అది చేతిలో లేకపోతే మినరల్ ఆయిల్‌కి 5,000 కిలోమీటర్లు, సెమీ సింథటిక్‌కి 7,500, ఫుల్ సింథటిక్‌కి 10,000 అనుకోండి. తిరిగినా తిరగకపోయినా ఏడాదికి ఒకసారి తప్పదు. రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆగే కారుకి ఇందులో సగమే లెక్క, ఎందుకంటే ఆయిల్ పూర్తిగా వేడెక్కక నీటి ఆవిరీ పెట్రోలూ అందులోనే ఉండిపోతాయి. ట్రాఫిక్‌లో గంటలకొద్దీ ఆన్‌లో ఉంచే కారుకీ అంతే, ఆ గంటలు మీటర్ మీద కనపడవు.

డీజిల్‌లో ఆయిల్ నల్లబడటం చూసి కంగారు పడకండి, కొత్త ఆయిల్ కూడా త్వరగానే నల్లబడుతుంది. భయపడాల్సింది పోయకుండానే లెవెల్ పెరిగితే. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న కారులో, పట్టిన మసిని కాల్చే పని మధ్యలో ఆగిపోతుంటే డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. లెవెల్ పై గీత దాటితే కిలోమీటర్లు చూడకుండా మార్చేయాలి. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని చిక్కదనం గ్రేడు ఉంటే చాలదు, మాన్యువల్ అడిగిన ఏసీఈఏ లేదా ఏపీఐ (ఆయిల్ నాణ్యతా ప్రమాణాలు) స్పెసిఫికేషన్ కూడా ఉండాలి. డీపీఎఫ్ కారులో కాలాక బూడిద ఎక్కువ మిగిల్చే ఆయిల్ పోస్తే ఆ డీపీఎఫ్ మెల్లగా పూడుకుపోతుంది.

పంపులో చికాకులూ ఉన్నాయి. పిస్టన్ సీలు ఎండితే వాక్యూమ్ నిలవదు, అప్పుడప్పుడు రెండు చుక్కల ఆయిల్ రాస్తే సరి. ఈ పంపుతో పెట్రోలు మాత్రం లాగొద్దు, ఆవిరి అంటుకోవచ్చు. పని అయ్యాక పైపు కొనకు మూత పెట్టకపోతే రెండు రోజులదాకా కారుతూనే ఉంటుంది. అన్నిటికన్నా విసుగు ట్యాంకు ఖాళీ చేయడం. మూతి సన్నం, వంచితే గోడవెంట కారుతుంది. గ్లవ్స్ వేసుకుని, వెడల్పాటి గరాటు పెట్టి, కూలెంటూ పెట్రోలూ కలవని డబ్బాలోకి మెల్లగా వంచాలి. తయారీదారు మూతికి చిన్న ముక్కు పెట్టి ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు.