వర్జీనియా పొగాకు చేలలో ఒప్పంద కూలీ, బానిస

చేను అదే, కొరడా అదే. తేడా గడువులో ఉంది: కూలీకి కొన్నేళ్లు, బానిసకు జీవితాంతం. ఇంగ్లండ్ నుంచి అమెరికాలోని ఈ ఇంగ్లిష్ వలసకు వచ్చిన కూలీ ఓడ ఖర్చు కింద సాధారణంగా నాలుగు నుంచి ఏడేళ్లు చాకిరీ చేసేవాడు. బతికి బట్టకడితే (చాలామంది జ్వరాలకే పోయారు) విడుదల. 1705 చట్టం ప్రకారం మగ కూలీకి వెళ్లేటప్పుడు పది బుషెళ్ల (ఇంగ్లిష్ ధాన్యపు కొలత) మొక్కజొన్న, 30 షిల్లింగులు, ఒక తుపాకీ ఇవ్వాలి.

1619లో ఆఫ్రికన్లు దిగినప్పుడు కూలీకీ బానిసకూ మధ్య గీత ఇంత స్పష్టంగా లేదు. 1640లో ముగ్గురు పనివాళ్లు కలిసి పారిపోయి దొరికారు. తెల్లవాళ్లిద్దరికీ నాలుగేళ్లు అదనం. నల్లవాడైన జాన్ పంచ్‌కు జీవితాంతం చాకిరీ. నేరం మాత్రం ఒక్కటే! 1662 చట్టం ఇంకా దారుణం: తల్లి బానిసైతే బిడ్డా బానిసే, తండ్రి సాక్షాత్తూ యజమానే అయినా సరే.

1676లో బేకన్ అనే తోటల యజమాని గవర్నర్‌పై లేవదీసిన, కూలీలూ బానిసలూ కలిసి పోరాడిన తిరుగుబాటు తర్వాత, ఇంగ్లండ్ కూలీల రాక తగ్గేకొద్దీ, తోటల యజమానులు బానిసల వైపే మొగ్గారు.