సంపు తవ్వే ముందు: యాప్, లొకేటర్, రాడార్, చేతిగుంతల్లో ఏది మేలు?

ప్రొద్దుటూరులో మా పెరట్లో నాలుగేళ్ల కిందట పందిరి స్తంభం కోసం గుంత తీస్తుండగా గడ్డపార సూటిగా బోరు మోటారు కేబుల్ మీద దిగింది. స్టార్టర్ ఆపి ఉండబట్టి ఆ కూలీ బతికాడు. కేబుల్‌ను పైపులో పెట్టకుండా, అంత లోతు కూడా తీయకుండా మట్టిలో పరిచి, పైన కడప బండలు వేసేశారు. వేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. అయినా అది ఎటు నుంచి ఎటు పోయిందో నాకు గుర్తు లేదు. ఈ వేసవిలో అదే పెరట్లో సంపు తవ్వించాల్సి వచ్చినప్పుడు, నేల కింది లైన్లను కనిపెట్టడానికి ఉన్న దారులన్నీ తూచి చూశాను.

మొదటిది ఫోనులో ఉంది. 2023 మార్చిలో కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్ తెచ్చింది. ఎక్కడ తవ్వబోతున్నారో అందులో నమోదు చేస్తే, అక్కడ కేబుళ్లు, పైపులు ఉన్న సంస్థలకు సమాచారం వెళుతుంది. అడ్డదిడ్డమైన తవ్వకాల వల్ల దేశానికి ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టమని అప్పట్లో ప్రభుత్వమే చెప్పింది. గేటు బయట, రోడ్డు అంచున తవ్వేవారికి ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం. కరెంటు కేబుల్ గురించి అనుమానముంటే 1912కు ఫోను చేయాలి. అయితే కాంపౌండు గోడ లోపల మనం వేయించుకున్న మోటారు కేబుల్, ట్యాంకు పైపు, మురుగు పైపు ఏ సంస్థ పటంలోనూ ఉండవు. సంపు తవ్వేది అక్కడే.

ఇక మిగిలిన అసలు పోటీ కేబుల్ లొకేటర్‌కూ, భూమిలోకి తరంగాలు పంపే రాడార్‌కూ మధ్య. రాడార్‌కు లోహమే ఉండాలన్న నియమం లేదు, ప్లాస్టిక్ పైపును కూడా పట్టగలదు. ఆ మాట విని నేనూ మొదట అటే మొగ్గాను. కానీ బంకమట్టి రాడార్ తరంగాలను మింగేస్తుంది. తడిసిన నల్లరేగడిలో అవి తరచూ మీటరు లోతు కూడా చేరవు. మా పెరడంతా రేగడే. అనంతపురం వైపు పొడి ఎర్రనేలలో ఇల్లున్నవారికి రాడార్ బాగానే పనికివస్తుంది. జమ్మలమడుగు, ఆదోని, నంద్యాల రేగడి నేలల్లో ఒక ఇంటి పెరడు కోసం దాన్ని తెప్పించడం డబ్బు దండగ.

లొకేటర్‌కు మట్టితో అంత పేచీ లేదు. లోహపు తీగకు ఒక చిన్న పెట్టె నుంచి సంకేతం ఎక్కిస్తారు. చేతిలోని పరికరాన్ని నేల మీదుగా తిప్పుతూ పోతే, తీగకు సరిగ్గా పైకి రాగానే మోత పెరుగుతుంది. సంకేతం ఎక్కించకుండా 50 హెర్ట్జ్ కరెంటునే వినే పద్ధతి కూడా ఉంది. అందుకు మోటారు ఆడుతూ ఉండాలి. అప్పుడైనా, ఒకే కేబుల్‌లో పోయే కరెంటు, తిరిగి వచ్చే కరెంటు ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి కాబట్టి మోత బలహీనంగానే వినిపిస్తుంది. మోత రాలేదంటే కేబుల్ లేదని అర్థం చేసుకోకండి. మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చేత సంకేతం ఎక్కించడమే నమ్మదగిన పద్ధతి.

పీవీసీ పైపు లొకేటర్‌కు కనబడదు. దీనికో ఉపాయం ఉంది. మురుగు ఛాంబర్ మూత తీసి, వైరింగు పైపుల్లో తీగ లాగడానికి ఎలక్ట్రీషియన్లు వాడే ఉక్కు స్ప్రింగును పైపులోకి తోసి, సంకేతాన్ని దానికి ఎక్కించాలి. మా మురుగు పైపు గోడ వెంట నేరుగా పోతుందనుకున్నాం. స్ప్రింగు దూర్చి చూస్తే అది సంపు అనుకున్న చోటికి వంకర తిరిగి ఉంది.

వంచిన ఇత్తడి కడ్డీలు పట్టుకుని పైపులు చూపిస్తామనే వారి గురించి ఒక్క మాట. 1990లో జర్మనీలోని కాసెల్‌లో దాదాపు 30 మంది అలాంటివారిని పరీక్షించారు. 50 సెంటీమీటర్ల లోతున పాతిన ప్లాస్టిక్ పైపులో నీరు పారుతోందో లేదో చెప్పమంటే, గుడ్డిగా ఊహించినదానికన్నా మెరుగ్గా ఎవరూ చెప్పలేకపోయారు. కరెంటు ఉన్న చోట మనిషి ప్రాణాన్ని ఆ కడ్డీలకు అప్పగించకూడదు.

చివరికి నేను ఎక్కువగా నమ్మింది చేతిగుంతనే. లొకేటర్ చూపిన గీతకు అడ్డంగా, మూరెడు వెడల్పున చిన్న కాలువ తీయించాను. బండలను పగలగొట్టకుండా అంచు నుంచి లేపి గోడకు ఆనించాం. గడ్డపార వద్దన్నాను. చెక్కపిడి పారతో పొరలు పొరలుగా చెక్కించాను. రేగడి ఎండితే రాయి, తడిస్తే జిగురు కాబట్టి ముందురోజు సాయంత్రం కొద్దిగా నీళ్లు చల్లి, పదును చూసి మొదలుపెట్టాం. అడుగు లోతున నల్లమట్టి మధ్య జానెడు వెడల్పున ఎర్ర గరుసు చార కనిపించింది. "అన్నా, ఇది మన మట్టి కాదు, ఎవరో తవ్వి పూడ్చారు" అని కూలీ పార పక్కన పెట్టేశాడు. గరుసును చేతులతో తీస్తే, లొకేటర్ చెప్పిన చోటికి బెత్తెడు ఎడంగా కేబుల్ బయటపడింది. యంత్రం మాటతో నేరుగా పార వేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పద్ధతిగా వేసిన కరెంటు కేబుల్ పైన ఇసుక, దాని మీద ఇటుకల వరుస ఉంటాయి. తవ్వేటప్పుడు ఇసుక తగిలినా, ఇటుకలు వరుసగా కనిపించినా వెంటనే ఆగాలి. పసుపు లేదా నారింజ రంగు ప్లాస్టిక్ పైపు కనిపిస్తే గ్యాస్‌దిగా భావించి, దాన్ని తాకకుండా గ్యాస్ సంస్థను పిలవాలి. మీటరు దగ్గర ఎర్తింగ్ గుంత నుంచి వచ్చే తీగను పాత ఇనుము అనుకుని కోసేయకండి.

మీ నేల రేగడైతే లొకేటర్, దాని వెనకే చేతిగుంత. ఎర్రనేలై, లైన్లన్నీ ప్లాస్టిక్‌వే అయితే రాడార్ తెప్పించినా, చేతిగుంత తీశాకే పెద్ద తవ్వకం మొదలుపెట్టండి. జేసీబీని ఆ తరువాతే గేటు లోపలికి రానివ్వండి. మా సంపును మురుగు పైపుకు దూరంగా తూర్పు వైపుకు మార్చాం. గోడ మూల నుంచి కేబుల్ ఎన్ని అడుగుల్లో ఉందో, ఎంత లోతులో ఉందో కాగితం మీద గీసి, మీటరు బోర్డు తలుపు లోపల అతికించాను. మా అబ్బాయి దాన్ని ఫోటో తీసి పెట్టుకున్నాడు.