ఇద్దరి ప్రయాణానికి టూరింగ్ బైక్: చాలాకాలం వాడాక ప్రీలోడ్ నాబ్ గురించి

ఇంజను పవరు, మైలేజీ, డిస్‌ప్లే సంగతులు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఇది ఇద్దరం కలిసి దూరాలు తిరగడానికి కొన్న బండి. ఆ పనిలో దీన్ని నిలబెట్టింది ఒక్కటే: సీటు కింద ఎడమ పక్కన, పానా అక్కర్లేకుండా చేత్తో తిప్పే ప్రీలోడ్ నాబ్. ప్రీలోడ్ అంటే బరువు పడకముందే షాకర్ స్ప్రింగును ఎంత నొక్కి ఉంచామన్నది. అది లేని బండిని జంట ప్రయాణాల కోసం ఇక కొనను.

ప్రీలోడ్ మార్చుకునే వీలు మామూలు బైకుల్లోనూ ఉంటుంది. షాకర్ మీద మెట్లుమెట్లుగా ఉండే రింగును కొక్కెం పానాతో తిప్పాలి. పక్కనే కనబడే జంట షాకర్లైతే ఫరవాలేదు, రెండూ ఒకే మెట్టు మీద ఉండేలా చూసుకుంటే చాలు. వెనక ఒకే షాకర్ ఉండే మోనోషాక్ అయితే ఆ రింగు ఎక్కడో లోపల ఇరుక్కుని ఉంటుంది, పానా తిప్పడానికే చోటుండదు. అందుకే చాలా బండ్లు ఒక్కరికి సరిపోయే ఫ్యాక్టరీ సెట్టింగులోనే ఏళ్ల తరబడి నడుస్తుంటాయి. రెండో మనిషి ఎక్కగానే వెనక భాగం కుంగుతుంది, షాకర్ కదలడానికి మిగిలే చోటు సగమే. గుంత తగిలితే చివర ఉండే రబ్బరు దిమ్మకు కొట్టుకుంటుంది. వెనక కూర్చున్నవాళ్లు దాదాపు ఇరుసు మీదే ఉంటారు కాబట్టి ఆ దెబ్బ నేరుగా నడుముకు తగులుతుంది. ముందు చక్రం తేలికై హ్యాండిల్ తిప్పినంత చురుగ్గా బండి తిరగదు. రాత్రిపూట హెడ్‌లైట్ ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది.

నాబ్‌ను అందాజుగా తిప్పితే సగం ఫలితమే. ఒకసారి కొలుచుకుంటే చాలు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి నిటారుగా పైన ఏదో ఒక గుర్తు వరకు టేపుతో కొలవండి. తర్వాత స్టాండ్ తీసి, ఇద్దరూ హెల్మెట్లతో సహా ఎక్కి కూర్చుని, మూడో మనిషి చేత అదే దూరం కొలిపించండి. రెండింటి తేడా వెనక సస్పెన్షన్ మొత్తం కదలికలో మూడో వంతుకు దగ్గరగా ఉండాలి. నా బండిలో కదలిక 140 మిల్లీమీటర్లు. ఒక్కరి సెట్టింగులో ఇద్దరం కూర్చుంటే 62 కుంగేది, నాబ్ 14 క్లిక్కులకు తెస్తే 46 దగ్గర ఆగింది. ఆ క్లిక్కుల అంకెను సీటు అడుగున మార్కర్‌తో రాసి పెట్టుకున్నాను.

నాబ్ తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. గట్టిపడదు. కుంగిన ఎత్తు తిరిగి వస్తుంది, అంతే. పైగా ఎక్కువ నొక్కిన స్ప్రింగు అంతే బలంగా వెనక్కి తంతుంది. అందుకని షాకర్ అడుగున, అది తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసే రీబౌండ్ స్క్రూ ఉంటే దాన్ని కుడివైపుకు పావు చుట్టు నుంచి అర చుట్టు వరకు బిగించాలి. బిగింపు ఎక్కువైతే వరస గతుకుల్లో షాకర్ లేచే లోపే మళ్లీ కుంగి, బండి మెల్లగా కిందికి దిగబడిపోతుంది.

అసలు ఇబ్బంది ఇక్కడే వచ్చింది. కొంతకాలానికి ఎత్తు సరిగ్గా ఉన్నా స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక భాగం రెండు మూడుసార్లు ఊగడం మొదలైంది. నాబ్ ఇంకో నాలుగు క్లిక్కులు తిప్పితే తగ్గాల్సింది పోయి పెరిగింది. సర్వీస్ సెంటర్‌లో సీటు మార్చుకోమన్నారు. కానీ లోపం షాకర్‌లో ఉంది: కడ్డీ చుట్టూ నూనె తడికి దుమ్ము అంటుకుని నల్లటి వలయం కట్టింది. ఆయిల్ సీలు పోయి, ఊపును అణిచే డ్యాంపింగ్ చచ్చిపోయిందన్నమాట. నూనె కారిన షాకర్ వల్ల వచ్చే ఊపును ప్రీలోడ్‌తో ఆపలేం, స్ప్రింగు ఎంత బిగిస్తే అంత ఎగురుతుంది. సీలు, నూనె మార్చి, నైట్రోజన్ గ్యాస్ నింపగలిగిన సస్పెన్షన్ పనివాళ్ల దగ్గర బాగుచేయించాక మళ్లీ కొత్తదానిలా అయింది. అదృష్టం కొద్దీ ఇది విప్పగలిగే రకం. కొన్ని బండ్లలో షాకర్ పూర్తిగా మూసేసి వస్తుంది, పాడైతే మొత్తం మార్చాల్సిందే. ఈ ప్రశ్న కొనేముందే అడగండి.

వెనక మనిషి ఏమంటున్నారో చెవిపెట్టి వింటే లోపం ఎక్కడో తెలిసిపోతుంది. గుంతకొక దెబ్బ తగిలితే ప్రీలోడ్ చాలలేదు. దాటాక ఊగితే డ్యాంపింగ్. అరగంట తర్వాత కూర్చున్నచోట నొప్పి మొదలైతే ఫోమ్. మోకాళ్లు పట్టేస్తే ఫుట్‌రెస్టులు, దానికి నాబ్ ఏమీ చేయలేదు. సీటుకూ ఫుట్‌రెస్టుకూ దూరం తక్కువై మోకాలు 90 డిగ్రీల కంటే ఎక్కువగా ముడుచుకుంటే ఆ బండి వదిలేయడమే మేలు.

సీటు మెత్తగా ఉందని మొదట్లో అందరికీ చెప్పాను. ఇప్పటికీ మెత్తగానే ఉంది, ఇబ్బందీ అక్కడే. మెత్తటి ఫోమ్ త్వరగా అణిగిపోతుంది, కింద ప్లాస్టిక్ పళ్లెం తగులుతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే అడుగు తెలుస్తోందంటే ఆ ఫోమ్ పని అయిపోయినట్టే. పైన జెల్ ప్యాడ్ వేస్తే కొన్నాళ్లు గడుస్తుంది. కవర్ విప్పించి, వెనక భాగంలో గట్టి ఫోమ్ వేయించి, పైన పలుచగా మెత్తటి పొర పెట్టించడమే సరైన పద్ధతి. అదే సమయంలో ముందుకు ఉన్న వాలును కూడా చదును చేయిస్తే, బ్రేకు వేసిన ప్రతిసారీ వెనక మనిషి వచ్చి మీద పడరు.

టైరు గాలి మర్చిపోవద్దు. ఇద్దరు ఎక్కినప్పటికి వేరే అంకె మాన్యువల్‌లోనో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ స్టిక్కర్ మీదో ఉంటుంది, చక్రాలు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. చైన్ కూడా చూడండి. ముందు స్ప్రాకెట్ (చైన్ పళ్ల చక్రం), స్వింగ్ ఆర్మ్ పైకీ కిందికీ తిరిగే పివట్, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అత్యంత బిగుతుగా ఉంటుంది, బరువు పడితే బండి ఆ స్థితికి దగ్గరవుతుంది. మాన్యువల్ చెప్పిన లూజు కంటే బిగించి ఇద్దరూ ఎక్కితే గేర్‌బాక్స్ బేరింగు, చక్రం బేరింగు అరుగుతాయి.

మరి కొనొచ్చా? మా ఇద్దరి బరువు, హెల్మెట్లు, సంచులు అన్నీ కలిపి 155 కిలోల దగ్గర ఉంటుంది. మేము ఎక్కువగా తారు రోడ్ల మీదే తిరుగుతాం. ఇద్దరికీ ఎత్తు మరీ ఎక్కువ కాదు కాబట్టి ఫుట్‌రెస్టులతో పేచీ లేదు. ఈ లెక్కల్లోకి వచ్చేవాళ్లకు ధైర్యంగా చెబుతాను, తీసుకోండి. పొడుగువాళ్లయితే వెనక సీట్లో కనీసం అరగంట కూర్చుని తిరగనిదే మాట ఇవ్వకండి. బరువు ఎక్కువైతే మాన్యువల్‌లో గరిష్ఠ మొత్తం బరువు నుంచి బండి బరువు తీసేసి చూడండి, మిగిలిందే మీ ఇద్దరిదీ, సామానుదీ. ఆ హద్దులోనే ఉండి, నాబ్ చివరిదాకా తిప్పినా కుంగడం మూడో వంతుకు తగ్గకపోతే షాకర్‌కు గట్టి స్ప్రింగు వేయించుకోవాలి. ఆ ఖర్చు కూడా బండి ధరలో కలుపుకునే బేరం మొదలుపెట్టండి.