మూడో నెలలో తెలిసే తేడా: ఫాంటసీ ఆన్‌లైన్ గేమ్‌ల బేరీజు

కత్తులు, మంత్రాలు, డ్రాగన్లు, మబ్బుల్లో కోటలు. ట్రైలర్ చూస్తే ఈ గేమ్‌లన్నీ ఒకేలా కనిపిస్తాయి. మొదటి పది గంటలు దాదాపు అన్నీ బాగానే ఉంటాయి. అసలు తేడా మూడో నెల తర్వాత బయటపడుతుంది. పరీక్షలొచ్చో, ఆఫీసులో పని పెరిగో ఆరు నెలలు ఆపేసి తిరిగొస్తే, అంతకుముందు సంపాదించుకున్నదాంట్లో ఎంత మిగులుతుంది? వీటిల్లో డబ్బుకన్నా ఎక్కువ ఖర్చయ్యేది కాలమే కాబట్టి, మొదట చూడాల్సింది అదే.

రెండోది పింగ్, అంటే మీరు నొక్కిన బటన్ సంకేతం గేమ్ సర్వర్‌కి చేరి జవాబు తిరిగి రావడానికి పట్టే కాలం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కి, ఫైనల్ ఫాంటసీ 14కి, గిల్డ్ వార్స్ 2కి మన దేశంలో సర్వర్లు లేవు. ఫైబర్ తీగలో సంకేతం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి సుమారు 7 వేల కిలోమీటర్లు. సూటిగా తీగ లాగినా పోయి రావడానికే 70 మిల్లీసెకన్లు పడుతుంది. కేబుళ్లు సముద్రాలు చుట్టుకుని వెళ్తాయి కాబట్టి నిజంగా కనిపించే అంకె దాదాపు రెట్టింపు. ఇంటర్నెట్ ప్లాన్ 100 ఎంబీ నుంచి 300కి మార్చినా ఇది తగ్గదు. స్పీడు వేరు, దూరం వేరు. మీ చేతిలో ఉన్నది పింగ్ ఎగుడుదిగుడు లేకుండా చూసుకోవడం ఒక్కటే. దానికి వైఫై వదిలేసి రూటర్ నుంచి ల్యాన్ కేబుల్ పెట్టుకోండి.

వార్‌క్రాఫ్ట్ 2004 నవంబర్‌లో వచ్చింది. బటన్ నొక్కగానే పాత్ర స్పందించే తీరులో దాన్ని ఇప్పటికీ ఏ గేమూ అందుకోలేదు. అందులో స్పెల్ క్యూ అనే ఏర్పాటు ఉంది. ముందు స్పెల్ పూర్తవడానికి 400 మిల్లీసెకన్లు ఉందనగా తర్వాతి బటన్ నొక్కినా గేమ్ దాన్ని వరసలో పెట్టుకుంటుంది. అందుకే పింగ్ 200 దాటినా దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ పెద్దగా రాదు. ఈ విలువను 100కి తగ్గించమని చాలా గైడ్లు చెప్తాయి. అది సర్వర్ పక్కన ఉండేవాళ్లకి పనికొచ్చే సలహా. ఇక్కడి నుంచి ఆడేవాళ్లు 400 దగ్గరే ఉంచాలి.

దాని లోపమంతా సీజన్ల దగ్గరుంది. కొత్త సీజన్ (ఆటలో కొత్త విడత) మొదలైతే పాత గేర్ (ఆయుధాలు, కవచాలు) వెనకబడిపోతుంది. వారానికోసారి తెరుచుకునే బహుమతుల పెట్టె గ్రేట్ వాల్ట్‌లో డంజన్ల (అయిదుగురు కలిసి శత్రువులతో పోరాడే స్థావరాల) వరసలో మూడు గడులూ నిండాలంటే వారంలో 8 డంజన్లు ఆడాలి. 1, 4, 8 దగ్గర ఒక్కో గడి తెరుచుకుంటుంది. ఎన్ని తెరిచినా చేతికొచ్చేది మాత్రం ఒక్క వస్తువే. టైమర్ పెట్టి ఆడే కష్టమైన డంజన్లు, అంటే మిథిక్ ప్లస్‌లో టైమర్ దాటితే కీ (ఆ డంజన్ తెరిచే తాళంచెవి) ఒక మెట్టు దిగుతుంది కాబట్టి గ్రూపు లీడర్లు మనుషుల్ని స్కోరు చూశాకే తీసుకుంటారు. అయిదుగురిలో ముగ్గురు డ్యామేజ్ వాళ్లు (శత్రువుని కొట్టేవాళ్లు), ఆ పాత్రకి పోటీ ఎక్కువ. కొత్తగా వచ్చిన డ్యామేజ్ ఆటగాడు దరఖాస్తులు పెట్టుకుంటూ అరగంట కూర్చోవడం మామూలే. దీనికి మందు రెండే: హీలర్‌గానో (గాయాలు మాన్పే పాత్ర) ట్యాంక్‌గానో (దెబ్బలు తన మీదికి తీసుకునే పాత్ర) ఆడటం, లేదా మీ సొంత కీతో మీరే గ్రూపు పెట్టడం. నెలకు 14.99 డాలర్ల సబ్‌స్క్రిప్షన్‌తో సరికొత్త ఎక్స్‌పాన్షన్ (విడిగా అమ్మే పెద్ద అదనపు భాగం) తప్ప మిగతావన్నీ వస్తాయి. 20వ లెవెల్ దాకా ఉచితం. కథ కోసం మాత్రం దీనికి రావొద్దు. ఇరవై ఏళ్ల కథను కొత్తవాళ్లకి మధ్యలోంచి అందిస్తుంది, ఎవరు ఎవరికి శత్రువో అర్థం కాదు.

కథ కావాలంటే ఫైనల్ ఫాంటసీ 14. 2010లో మొదట విడుదలై ఘోరంగా విఫలమైంది. నవోకి యోషిదా నాయకత్వంలో మళ్లీ కట్టి 2013 ఆగస్టులో ‘ఎ రెల్మ్ రీబార్న్’ పేరుతో నిలబెట్టారు. ఈ రంగంలో ఇంతకంటే ఉదారమైన ఉచిత ట్రయల్ లేదు: 70వ లెవెల్ దాకా, మొదటి రెండు ఎక్స్‌పాన్షన్లతో సహా, గడువే లేకుండా. ట్రయల్‌లో మార్కెట్ బోర్డు (ఆటగాళ్లు వస్తువులు అమ్ముకునే చోటు) వాడలేరు, గిల్డ్‌లో (ఆటగాళ్ల సంఘంలో) చేరలేరు, 3 లక్షల గిల్‌కి (ఆట డబ్బుకి) మించి దాచుకోలేరు. కథకి ఇవేవీ అడ్డు కావు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. ఒకసారి పూర్తి గేమ్ కోడ్ ఎక్కిస్తే ఆ అకౌంట్ మళ్లీ ట్రయల్‌కి రాదు. స్టీమ్‌లో (గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణంలో) కొన్నవాళ్లు ఆ తర్వాతి ఎక్స్‌పాన్షన్లన్నీ స్టీమ్‌లోనే కొనాలి. బయట తక్కువ ధరకి దొరికిన కోడ్ అందులో పని చెయ్యదు.

ఒకే పాత్రతో అన్ని జాబ్‌లూ (యోధుడు, వైద్యుడు లాంటి వృత్తులు) ఆడొచ్చు, ఇది గొప్ప సౌకర్యం. కానీ కథ దాటకుండా ఏ తలుపూ తెరుచుకోదు. మొదటి 50 లెవెల్స్ నెమ్మది. నొక్కడానికి బటన్లు తక్కువ, ఒక్కో దెబ్బకీ మధ్య 2.5 సెకన్లు. పింగ్ బాధ పైలెవెల్స్‌లో మొదలవుతుంది. ఆ 2.5 సెకన్ల సందులో రెండు అదనపు స్కిల్స్ ఇరికించాలి, ఒక్కోదానికి 0.6 సెకన్లకు పైగా పాత్ర చేతులు కట్టేసినట్టుంటుంది, దానికి మీ పింగ్ కలుస్తుంది. 200 దాటితే రెండోది ఇరికించగానే తర్వాతి దెబ్బ ఆలస్యమవుతుంది. అలాంటప్పుడు సందుకి ఒక్కటే వేసుకోవడం మంచిది. బాస్ (పెద్ద శత్రువు) నేల మీద వేసే నారింజ రంగు గుర్తుల్లో నుంచి కూడా క్యాస్ట్ బార్ (దెబ్బ సిద్ధమవుతోందని చూపే గీత) నిండకముందే బయటపడాలి. దెబ్బ తగిలిందా లేదా అన్నది పేలుడు కనిపించినప్పుడు కాదు, బార్ నిండిన క్షణంలోనే సర్వర్ తేల్చేస్తుంది. ‘నేను బయటే ఉన్నాను కదా, ఎలా చచ్చాను’ అన్న ఫిర్యాదుకి కారణం ఎక్కువసార్లు ఇదే.

గేర్‌కి వారానికి 450 టోమ్‌స్టోన్ల (గేర్ కొనే టోకెన్ల) పరిమితి ఉంది. ఛాతీ కవచం 825, అంటే రెండు వారాల పని. ఆరు నెలలు పోయొస్తే గేర్ పాతబడుతుంది గానీ కొత్త ప్యాచ్‌లో (అప్‌డేట్‌లో) త్వరగా సర్దుకోవచ్చు. ఇల్లు మాత్రం అలా కాదు. లాటరీలో గెలిచిన ఇంట్లో 45 రోజులు అడుగు పెట్టకపోతే కూల్చేస్తారు. ప్రేమగా అలంకరించుకున్న ఇల్లు పోవడం చాలా బాధ. సెలవు తీసుకునే అలవాటుంటే అపార్ట్‌మెంట్ గదితో సరిపెట్టుకోండి, దాన్ని కూల్చరు.

ఉద్యోగం చేసుకుంటూ వారానికి నాలుగైదు గంటలు ఆడేవాళ్లకి గిల్డ్ వార్స్ 2ని మించింది లేదు. 2012 ఆగస్టులో వచ్చినప్పుడు లెవెల్ పరిమితి 80, ఇప్పటికీ 80. అసెండెడ్ గేర్ ఏళ్ల కిందట సంపాదించినా ఇవాళ్టికీ పైవరసలోనే ఉంది. దాని కింది మెట్టు ఎగ్జాటిక్ గేర్‌కీ దానికీ తేడా కొద్ది శాతమే, కాబట్టి తొందరపడక్కర్లేదు. నెలవారీ రుసుము లేదు, మూల గేమ్ ఉచితం. టెకాట్ల్ అనే డ్రాగన్ లాంటి వరల్డ్ బాస్‌లకి (అందరూ కలిసి కొట్టే పెద్ద శత్రువులకి) స్థిరమైన టైంటేబుల్ ఉంది. మన రాత్రి 9:30కి ఒక టెకాట్ల్ వస్తుంది. భోజనం చేసి కూర్చుంటే పదుల మందితో ఒక పెద్ద యుద్ధం ముగించి పడుకోవచ్చు.

ఇక దీని కష్టాలు. మొదటిది సంచి. కరెన్సీలు, పెట్టెలు, ముక్కలు కుప్పలుగా పడతాయి. రెండు రోజుల్లోనే చోటు నిండుతుంది. సంచిలో ‘మెటీరియల్స్ డిపాజిట్’ నొక్కడం అలవాటు చేసుకోండి, ఒక్కో రకం 250 దాకా బ్యాంకులోకి పోతుంది. రెండోది కథలో చిల్లులు. ఎక్స్‌పాన్షన్ల మధ్య కథ నడిపే లివింగ్ వరల్డ్ సీజన్లలో రెండో దాని నుంచి విడిగా కొనాలి. అవి లేకుండా మొదటి ఎక్స్‌పాన్షన్ హార్ట్ ఆఫ్ థార్న్స్ నుంచి నేరుగా రెండోదైన పాత్ ఆఫ్ ఫైర్‌కి దూకితే మధ్యలో ఏం జరిగిందో తెలియదు. ఆట బంగారంతో జెమ్స్ (గేమ్ దుకాణపు కరెన్సీ) కొని వాటితో తీసుకోవచ్చు, ఓపికుంటే డబ్బు పెట్టక్కర్లేదు. మూడోది తప్పుకోవడం. డాడ్జ్ రక్షణ 0.75 సెకన్లే, మళ్లీ నిండటానికి 10 సెకన్లు పడుతుంది. పింగ్ 250 ఉంటే ఆ ముప్పావు సెకనులో మూడోవంతు దూరమే తినేస్తుంది. ఈ కారణానికే ఇక్కడి నుంచి అమెరికా కంటే దగ్గరైన యూరప్ రీజియన్ (సర్వర్ల ప్రాంతం) ఎంచుకోవడం మేలు. పదిమంది కలిసి బాస్‌లతో పోరాడే రెయిడ్లలో ప్రతి అయిదుగురికీ క్విక్‌నెస్ (దెబ్బలు వేగంగా పడే బలం) ఇచ్చేవాళ్లొకరు, అలాక్రిటీ (స్కిల్స్ త్వరగా మళ్లీ సిద్ధమయ్యే బలం) ఇచ్చేవాళ్లొకరు ఉండాలి. అది తెలియకుండా పోగైన గ్రూపులు బాస్ దగ్గర ఇరవై నిమిషాలు కొట్టుకుని విడిపోతాయి.

ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ గురించి క్లుప్తంగా. 2016 నుంచి ఏ లెవెల్‌లోనైనా ఏ ప్రాంతానికైనా పోవచ్చు, ప్రతి పాత్రా గొంతు విప్పి మాట్లాడుతుంది. సైడ్ క్వెస్ట్‌ల (పక్క కథల) రచనలో దీనిదే పైచేయి. కానీ ఊరి బయటి శత్రువులు రెండు దెబ్బలకే పడిపోతారు. క్రాఫ్టింగ్ (వస్తువులు తయారుచెయ్యడం) చెయ్యాలనుకుంటే సబ్‌స్క్రైబర్లకిచ్చే అపరిమిత క్రాఫ్ట్ బ్యాగ్ (ముడిసరుకు సంచి) లేకుండా నెగ్గుకురావడం కష్టం.

మంచి కంప్యూటర్ లేనివాళ్లకి ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ చెప్తాను, మొహమాటంగా కాదు, గట్టిగా. రూన్‌స్కేప్ గేమ్ 2007 నాటి కాపీతో 2013లో మొదలైంది, 2018 నుంచి ఫోన్లోనూ అదే అకౌంట్‌తో నడుస్తుంది. సర్వర్ 0.6 సెకన్లకోసారి మాత్రమే అడుగు వేస్తుంది కాబట్టి 200 పింగ్ చాలావరకు కనిపించదు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చినా లెవెల్స్ అన్నీ అలాగే ఉంటాయి. ఓపిక మాత్రం చాలా కావాలి. ఒక్కో నైపుణ్యంలో 99వ లెవెల్‌కి 1,30,34,431 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు), అందులో సగం 92 దగ్గర పడుతుంది. అంటే చివరి ఏడు లెవెల్స్ మిగతా సగం. మొదటిరోజే బ్యాంక్ పిన్, అథెంటికేటర్ (లాగిన్‌కి అదనపు కోడ్ ఇచ్చే యాప్) పెట్టుకోండి. ఆటలోని సంత గ్రాండ్ ఎక్స్ఛేంజ్ దగ్గర ‘డబ్బు రెట్టింపు చేస్తా’ అనేవాళ్లందరూ మోసగాళ్లే.

స్నేహితులు హైదరాబాద్‌లో కొందరు, డాలస్‌లో కొందరు ఉంటే గేమ్ కంటే ముందు రీజియన్ తేల్చుకోండి. వార్‌క్రాఫ్ట్‌లో అమెరికా, యూరప్ సబ్‌స్క్రిప్షన్లు వేర్వేరు, ఒకదానిలో కట్టింది రెండోదానిలో చెల్లదు. గిల్డ్ వార్స్ 2లో రీజియన్ మారాలంటే జెమ్స్ కట్టాలి. రూన్‌స్కేప్‌లో ఒకే అకౌంట్‌తో ఏ ప్రాంతపు వరల్డ్‌లోకైనా (సర్వర్‌లోకైనా) వెళ్లొచ్చు. వేసవిలో డాలస్‌లో శనివారం పొద్దున 10:30 అయితే ఇక్కడ రాత్రి 9. అందరికీ కుదిరే వేళ అది.