రేస్ బుక్కా, ప్యాడాకా?

విజయనగరం గంటస్తంభం దగ్గర టీ తాగుతూ హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సు గుర్రాల సంగతి మాట్లాడేవాళ్లలో రెండు పక్షాలు: రేస్ బుక్ (పందెంలో దిగే గుర్రాల వివరాల పుస్తకం) నమ్మేవాళ్లు, కళ్లను నమ్మేవాళ్లు.

బుక్ వాళ్లది లెక్క. గత పరుగుల్లో ఎన్నో స్థానం, ఎంత దూరం, జాకీ ఎవరు, గుర్రం మోసే బరువెంత. అసలు కిటుకు ఈ బరువులోనే ఉంది. హ్యాండిక్యాప్ పందెంలో మంచి గుర్రానికి ఎక్కువ బరువు పెడతారు. మొన్న గెలిచింది కదా, ఈరోజూ గెలుస్తుందనుకుంటే పప్పులో కాలేసినట్టే. గుర్రప్పందెం నైపుణ్యం ఉన్న ఆటేనని 1996లో సుప్రీంకోర్టు అంది; ఆ నైపుణ్యం చాలావరకు ఇదే. 1200 మీటర్లలో మెరిసినది 2000 మీటర్లకి చతికిలబడొచ్చు కూడా.

కళ్లను నమ్మేవాళ్లది ప్యాడాక్, అంటే పందేనికి ముందు గుర్రాలను నడిపించి చూపే ఆవరణ. అది చూడాలంటే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లాలి. నడక సాఫీగా ఉందా, ఒళ్లు నిగనిగలాడుతోందా, పరుగుకి ముందే చెమటలు కక్కుతోందా? అలవాటు లేని కంటికి, పెళ్లిచూపుల్లోలాగ, అన్నీ బాగానే కనిపిస్తాయి.

నా ఓటు బుక్‌కే. అందులో ఎంచినవాటిలో ఒకటో రెండో లిస్టులోంచి తీసేయడానికి ప్యాడాక్ పనికొస్తుంది. తొలిసారి దిగే గుర్రాలకి మాత్రం బుక్‌లో గత పరుగులుండవు. అక్కడ కళ్లే దిక్కు.