కళ్లజోడు మన దగ్గరికి రాకముందే దాని లోపాలు తెలిశాయి: పాడ్‌కాస్ట్‌లపై ఒక చూపులేని శ్రోత సమీక్ష

తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఫోన్ వాడే మాలాంటి వాళ్లకు యాప్‌ల గురించీ పరికరాల గురించీ రాతలో వచ్చే రివ్యూలు సగమే పనికొస్తాయి. 'యాక్సెసిబుల్‌గా ఉంది' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఏ బటన్‌కి పేరుంది, ఏది ఉత్తినే 'బటన్, బటన్' అంటుంది, ఓటీపీ బాక్స్‌లోకి ఫోకస్ వెళ్తుందా అన్న సంగతులు ఎవరూ రాయరు. చూపులేనివాళ్లు చేసే పాడ్‌కాస్ట్‌లో అవన్నీ చెవికే తెలిసిపోతాయి. రికార్డు చేసేవాడు తెర మీద వేలు జరుపుతుంటే అతని స్క్రీన్ రీడర్ పలికేదంతా మనకీ వినిపిస్తుంది. అతను చిక్కుకున్న చోటే రేపు మనమూ చిక్కుకుంటామని అర్థమైపోతుంది. కొన్నేళ్లుగా విశాఖలో ఆఫీసుకి వెళ్లొచ్చే బస్సులో నేను వినేవి ఇవే.

కెమెరా ఉండి, ఎదురుగా ఉన్నదేంటో అడిగితే చెప్పే రే-బాన్ మెటా కళ్లజోడు సంగతే చూడండి. అమెరికాలో 2023 అక్టోబరులో వచ్చింది. మన దేశంలో 2025 మేలో, 29,900 రూపాయల ధరతో మొదలైంది. ఆ మధ్యకాలంలో చూపులేనివాళ్లే దాన్ని పెట్టుకుని వీధిలో, హోటల్లో, వంటింట్లో చేసిన రికార్డింగులు బోలెడు విన్నాను. మెనూ మొత్తం చదవమంటే సారాంశం చెప్పి ఊరుకుంటుందన్న ఫిర్యాదు అప్పటికే పాతబడింది. వీడియో కాల్‌లో చూసి ఎదురుగా ఏముందో చెప్పే బీ మై ఐస్ యాప్ వాలంటీర్‌కి అందులోంచే కాల్ చేయొచ్చని 2024 చివర్లో విన్నప్పుడు మాత్రం నిజంగా ఆశపడ్డాను. అయినా కొనలేదు. అదే బీ మై ఐస్ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంటే, రెండు చేతులూ ఖాళీగా ఉండటం కోసం ముప్పై వేలు పెట్టబుద్ధి కాలేదు. షాపులో చేతికిచ్చి చూపిస్తే పడిపోయేవాణ్నేమో!

వినేవాటిలో 'డబుల్ ట్యాప్' అనే టెక్ పాడ్‌కాస్ట్‌ది మొదటి స్థానం. స్టీవెన్ స్కాట్, షాన్ ప్రీస్ నడుపుతారు, ఇద్దరికీ చూపు సమస్య ఉంది. కబుర్లు ఎక్కువ, అసలు విషయానికి రావడానికి టైం పడుతుంది. కానీ ఆ కబుర్లలోనే పనికొచ్చే మాట దొర్లుతుంది కాబట్టి ముందుకు జరపలేను. ఐఫోన్ వాళ్లకైతే, యాపిల్ పరికరాలు వాడే చూపులేనివాళ్ల కోసం వచ్చే యాపిల్‌విస్ పాడ్‌కాస్ట్ చాలు. జోనథన్ మోసెన్ నడిపిన 'లివింగ్ బ్లైండ్‌ఫుల్లీ' షో ఆగిపోయినప్పుడు బాధపడ్డాను. శ్రోతలు పంపిన ఆడియోలతో అంత లోతుగా వాదించుకున్న షో నేను మరొకటి వినలేదు. ఆయన ఇప్పుడు అమెరికాలోని నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ తరఫున 'యాక్సెస్ ఆన్' అనే పాడ్‌కాస్ట్ చేస్తున్నారు.

బీబీసీ రేడియో 4 వాళ్ల 'ఇన్ టచ్' కార్యక్రమం వేరే రకం. 1961 నుంచీ వస్తోంది. పుట్టుకతోనే చూపులేని పీటర్ వైట్ దశాబ్దాలుగా దాని గొంతు. ఇరవై నిమిషాల్లో ఒక మంత్రినో అధికారినో కూర్చోబెట్టి, మర్యాదగానే, తప్పించుకునే దారి లేకుండా అడుగుతారు. ఆ ప్రశ్నల కోసమే వింటాను. కొన్ని టెక్ షోలలో ఇది లోపించింది. కంపెనీ మనిషిని పిలిచి, అతను చెప్పిందానికల్లా 'వావ్' అంటూ అరగంట గడిపేస్తారు. ధర ఎంత, పాడైతే రిపేరు ఎక్కడ అని అడగని ఎపిసోడ్‌ని ఇప్పుడు మధ్యలోనే తీసేస్తున్నాను.

హక్కుల విషయానికొస్తే మాత్రం వీటిలో మనకు దొరికేది తక్కువ. బ్రిటన్‌లో వికలాంగులకిచ్చే పిప్ భత్యం గురించి గంటలకొద్దీ చర్చ వినొచ్చు. మన సదరం (వైకల్య ధ్రువపత్రం) స్లాట్, వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ, పింఛన్ల పునఃపరిశీలన గురించి వాళ్లెందుకు మాట్లాడతారు? 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ కేవైసీపై, అంటే ఆన్‌లైన్‌లో మన గుర్తింపు నిర్ధారించుకునే పద్ధతిపై, ఇచ్చిన తీర్పు నాకు ఎంతో ముఖ్యం. కెమెరా ముందు కన్ను ఆర్పితేనే ఖాతా తెరుచుకునే పద్ధతి మాలాంటి వాళ్లకూ, యాసిడ్ దాడి బాధితులకూ ఎలా అడ్డం పడుతుందో చెప్పి, మార్చమని 20 ఆదేశాలిచ్చింది. ఆ వార్తను నేను తెలుసుకున్నది పాడ్‌కాస్ట్‌లో కాదు, కంప్యూటర్‌లోని స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏతో పేపర్ చదువుకుని. ఢిల్లీలోని స్కోర్ ఫౌండేషన్ నడిపే ఐవే వాళ్ల పాడ్‌కాస్ట్ సంభాషణల్లో మన దేశపు ఉద్యోగాల, చదువుల అనుభవాలు వినొచ్చు. తాజా వార్తల కోసం మాత్రం అక్కడికి వెళ్లను.

వినడానికి ఆండ్రాయిడ్‌లో యాంటెన్నాపాడ్ అనే యాప్ వాడుతున్నాను. ఉచితం, ప్రకటనల్లేవు, ఖాతా అక్కర్లేదు, బటన్లకి సరైన పేర్లున్నాయి. ఇంతకుముందు వాడిన ఒక యాప్‌లో అప్‌డేట్ వచ్చిన రోజునే ప్లే బటన్ పేరు మాయమైంది. ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లో, అది మాట్లాడేటప్పుడు మిగతా శబ్దాన్ని తగ్గించే ఆడియో డకింగ్ ఆన్ చేసుకోండి. లేకపోతే స్క్రీన్ రీడరూ యాంకరూ ఒకేసారి మాట్లాడి రెండూ అర్థం కావు. తెరను రెండు వేళ్లతో రెండుసార్లు తడితే ఏ యాప్‌లో ఉన్నా పాడ్‌కాస్ట్ ఆగిపోతుంది, కండక్టర్ స్టాప్ పేరు అరిచినప్పుడు ఇది ప్రాణం. రోడ్డు దాటేటప్పుడు మాత్రం వినను.

వినికిడి లేని మిత్రులు ఇదంతా మాకెందుకంటారు, న్యాయమే. యాపిల్ పాడ్‌కాస్ట్స్ యాప్ 2024 మార్చిలో, ఎపిసోడ్‌లోని మాటల్ని రాతలో చూపించే రాతప్రతులు మొదలుపెట్టింది, అప్పుడు నాలుగు యూరప్ భాషలకే.

తెలుగులో ఇలాంటిది క్రమంగా వచ్చేది నాకు కనబడలేదు. విదేశీ యాసలో ఇంగ్లీషు వినలేని తెలుగు మీడియం పిల్లలకు పైవన్నీ అందని ద్రాక్షే. మన చిక్కులూ వేరు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో చేసిన పీడీఎఫ్‌ని ఎన్‌వీడీఏ అర్థంలేని అక్షరాలుగా చదువుతుంది. స్కాన్ చేసిన జీవో అయితే నోరే విప్పదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవడం, బొమ్మలోని అక్షరాల్ని ఓసీఆర్‌తో పాఠంగా మార్చుకోవడం తెలుగులో చేసి వినిపించేవాళ్లు కావాలి. అలాంటివాళ్లు మీకు తెలిస్తే నాకు చెప్పండి, వెంటనే సబ్‌స్క్రైబ్ చేస్తాను. అందాకా కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇన్ టచ్‌తో మొదలుపెట్టండి. ఎపిసోడ్ చిన్నది, ఉచ్చారణ తేట, మొదట్లో స్పీడ్ పెంచకండి.